బోణీ ముద్ర

నేను ఒక తేదీ ముద్రని. ఆఫీసుకి ఉత్తరం అందగానే దాని నెత్తిన ఠప్పుమని పడే వస్తువుని. నా చుట్టూ గుండ్రంగా ఇత్తడి కట్టు, కట్టు మీద చెక్కిన కాలేజీ పేరు, మధ్యలో 'అందినది' అన్న మాట, దాని కింద రోజు, నెల, సంవత్సరం మార్చుకోవడానికి మూడు రబ్బరు పట్టీలు. ఇదీ నా రూపం. కాలేజీ పేరు నా ఒంటి మీదే ఉన్నా మీకు చెప్పను. ఊరు కాకినాడ అని మాత్రం చెబుతాను. ఆ ఉప్పుగాలికి నా పట్టీలు ఎన్నిసార్లు బిగుసుకుపోయాయో, నన్ను పట్టుకున్నవాళ్లు ఎన్నిసార్లు కిరసనాయిలు చుక్కలు వేసి వదులు చేశారో నాకే తెలుసు.

నన్ను చేసినవాడు మెయిన్ రోడ్డు వెనక సందులో ఉండే ఖాదర్ సాహెబు. అక్షరాలన్నీ తిరగేసి చెక్కాడు. కాలేజీ నుంచి కొనడానికి వచ్చిన సోమయాజులు గారికి నన్ను అందిస్తూ ఒక మాట చెప్పాడు. "పట్టీలు ముందుకీ తిరుగుతాయి, వెనక్కీ తిరుగుతాయి సార్. మంచి చేతుల్లో పెట్టుకోండి." సోమయాజులు గారు నవ్వి, మా కాలేజీలో అలాంటి చేతులు లేవన్నారు. నాకప్పుడు గర్వంగా అనిపించింది. వయసు అలాంటిది.

సోమయాజులు గారు హెడ్ గుమాస్తా. ఆయనకో అలవాటుండేది. పొద్దున్నే నా తేదీ మార్చి, కళ్లకద్దుకుని, వచ్చిన ఉత్తరాలు రాసుకునే ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఆ రోజు పేజీ పైన మొదటి ముద్ర వేసేవారు. దానికి 'బోణీ' అని పేరు పెట్టారు. మొదటి ముద్ర ఏ ఒక్కరి ఉత్తరం మీదా పడకూడదు, పుస్తకానికే చెందాలి అనేవారు. ఆయన వెళ్లిపోయాక నా బాధ్యత మంగతాయారు గారికి వచ్చింది. ఆవిడా బోణీ మానలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, మానేస్తే ఏదో వెలితిగా ఉంటుంది అనేవారు. సెలవుల్లో తప్ప ఒక్క రోజైనా బోణీ లేని పేజీ ఆ రిజిస్టరులో మీకు కనబడదు.

మనుషుల గురించి నేను నేర్చుకున్నది ఒక్కటే. నోటితో ఎంతైనా అంటారు, దేవుడి మీద ఒట్టు కూడా వేస్తారు. నేను కనబడితే మాత్రం వెనకాడతారు. ముద్ర పడితే నంబరు వెయ్యాలి, నంబరు వేస్తే ఎప్పటికైనా జవాబు రాయాలి. అందుకని మా ఆఫీసులో ఒక పద్ధతి పుట్టింది. చికాకు పెట్టే ఉత్తరం వస్తే సూపరింటెండెంటు కామేశం గారు దాన్ని చేత్తో అందుకుని, "చూద్దాం" అని, తన బల్ల మీది అట్ట కింద పెట్టేవారు. అట్ట కింద కాగితానికి ముద్ర ఉండదు, నంబరు ఉండదు. కొన్నాళ్లకి అది తుక్కు కాగితాల బస్తాలోకి పోయేది. ఆయన చెడ్డవాడని నేను అనుకోలేదు. కాలేజీ పరువు కాపాడుతున్నానని ఆయన మనసారా నమ్మేవారు.

నాలుగేళ్ల కిందట ప్రశాంతి అనే అమ్మాయి వచ్చింది, ఫైనలియర్ కెమిస్ట్రీ. మడత పెట్టిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టింది. మంగతాయారు గారు నన్ను చేతిలోకి తీసుకున్నారు. కామేశం గారు దగ్గారు. ఆవిడ నన్ను మళ్లీ డబ్బాలో పెట్టేశారు. కాగితం అట్ట కిందికి వెళ్లింది. ప్రశాంతి కాసేపు అక్కడే నిలబడి, చున్నీ సర్దుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ కాగితంలో ఏముందో నాకు తెలియదు. అందులో ఎవరి పేరుండి ఉంటుందో ఇప్పుడు తెలుసు.

మా ప్రిన్సిపాల్ గది పక్కన గోడకి ఒక బోర్డు ఉంది. లైంగిక వేధింపులపై అంతర్గత ఫిర్యాదుల కమిటీ అని పెద్ద అక్షరాలతో రాసి, కింద పేర్లు రాశారు. అధ్యక్షురాలు బోటనీ మేడం. తాను అధ్యక్షురాలినన్న సంగతి ఆవిడకి ఆ బోర్డు చదివాకే తెలిసింది. చివరి పేరు బయటి సభ్యురాలిగా లాయరు జుబేదా గారిది. మూడేళ్లలో ఆవిడని ఎవరూ పిలవలేదు. తనిఖీకి వచ్చినవాళ్లు మాత్రం బోర్డుకి ఫొటో తీసుకుని వెళ్లేవారు.

ఇక నాగవేణి సంగతి చెప్పాలి. ఉప్పాడ పిల్ల, సెకండియర్ కెమిస్ట్రీ. వాళ్ల నాన్న జాందానీ చీరలు నేస్తాడు. జులై పద్దెనిమిదో తారీకు మధ్యాహ్నం ఆ పిల్ల మా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో కాగితాలు రెండు. రెండింటిలోనూ ఒకే ఉత్తరం. కామేశం గారు చెయ్యి చాపారు. ఆ పిల్ల ఇవ్వలేదు.

"ఒకటి మీకండి. ఇంకోదాని మీద ముద్రేసి నాకియ్యండి," అంది.

కామేశం గారు నవ్వి, అదేం అవసరం లేదమ్మా, నేను చూస్తానుగా అన్నారు. నాగవేణి కదల్లేదు.

"పట్టు తెచ్చేప్పుడు చీటీ లేకుండా ముట్టుకోవద్దని మా నాన్న చెప్పేడండి. కాయితం ఇస్తే కాయితం తీసుకోవాలండి."

అంతలో ప్రిన్సిపాల్ గది నుంచి కామేశం గారికి పిలుపొచ్చింది. ఆయన అటు వెళ్లగానే మంగతాయారు గారు నన్ను తీశారు. ఠప్, ఠప్. రెండు కాగితాల మీదా వేసి, ఒకటి పిల్ల చేతిలో పెట్టి, వెళ్లిపో అన్నట్టు కళ్లతో చెప్పారు. నాలుగేళ్ల కిందట నన్ను డబ్బాలో పెట్టేసిన చెయ్యి అదే. ఆ రోజు నాకెంత తృప్తిగా అనిపించిందో చెప్పలేను.

కాగితం మీద బోర్లా పడేదాన్ని కదా, చదవకుండా ఎలా ఉంటాను? కెమిస్ట్రీ లెక్చరరు ఫణీంద్ర సీసాలు తెమ్మని ఆ పిల్లని స్టోరు గదిలోకి పంపాడు. వెనకాలే వచ్చి గడియ వేశాడు. నడుం పట్టుకున్నాడు. అరిస్తే ప్రాక్టికల్సులో నీ మార్కులు నా చేతిలో ఉన్నాయి, గుర్తుంచుకో అన్నాడు. ఆ పిల్ల చేతిలో ఉన్న సీసా కింద పడేసింది. ఆ చప్పుడుకి ల్యాబులో ఉన్నవాళ్లు తలుపు కొట్టారు. గాజు పెంకులు ఎత్తినప్పుడు వేలు తెగిందని కూడా రాసింది. చివర ఒకటే అడిగింది. నవంబరులో ప్రాక్టికల్సు ఉన్నాయి, ఆయన ముందు నిలబడి పరీక్ష చెయ్యలేను, ఈలోగా విచారించండి.

ఎవరు విచారించాలి? ఫణీంద్ర గారు అప్పటికే క్రమశిక్షణ కమిటీకి కన్వీనరు. కంచే చేను మేస్తే అని సామెత ఊరికే పుట్టలేదు. కామేశం గారు ముద్ర చూసి మంగతాయారు గారి మీద విసుక్కున్నారు. పడితే పడింది, నంబరు మాత్రం వెయ్యొద్దన్నారు. ఉత్తరం అట్ట కిందికి వెళ్లింది. ఆ వారమే ప్రిన్సిపాల్ గారు ఒక సర్క్యులరు పంపారు. విద్యార్థినుల భద్రత దృష్ట్యా అమ్మాయిలు నాలుగింటికల్లా ల్యాబు ఖాళీ చెయ్యాలి. అబ్బాయిలు ఆరింటి దాకా ఉండవచ్చు. దాని మీద కూడా నన్నే కొట్టారు. అమ్మాయిలకి రోజుకి రెండు గంటల ప్రయోగాలు పోయాయి. ఫణీంద్ర గారికి పోయింది ఏమీ లేదు.

నాగవేణి వారానికోసారి వచ్చేది. చూస్తున్నాం అనేవారు. ఒంటరిగా స్టోరులోకి ఎందుకు వెళ్లావు అని ఒకసారి, మీ నాన్నకి తెలిస్తే చదువు మాన్పించడా అని ఇంకోసారి అన్నారు. సెప్టెంబరు నాలుగున వచ్చినప్పుడు ఆ పిల్ల నంబరు అడిగింది. ముద్ర పడిన కాగితానికి నంబరుంటుందని ఎవరో చెప్పారట. మంగతాయారు గారు రిజిస్టరు తెరిచి కలం తీశారు. కామేశం గారు ఒక్క అంగలో వచ్చి రిజిస్టరు లాక్కున్నారు. ఆయన మోచెయ్యి నాకు తగిలింది. బల్ల మీంచి ఎగిరి ఇనప బీరువా కాలి మీద పడ్డాను.

నా ఇత్తడి కట్టు ఒకచోట లోపలికి నొక్కుకుపోయింది. చిటికెన వేలి గోరంత మేర. అప్పటి నుంచి నన్ను ఎక్కడ కొట్టినా గుండ్రంగా పడే గీతలో అంత మేర ఖాళీ వచ్చేది. మర్నాడు బోణీ వేసినప్పుడు మంగతాయారు గారు చూశారు, బొటనవేలితో తడిమారు. కామేశం గారు చూడలేదు. ఆఫీసులో తేదీ చూస్తారు, సంతకం చూస్తారు. గీత తెగిందా లేదా అని ఎవరు చూస్తారు?

అక్టోబరులో రాత పరీక్షల హాల్ టికెట్లు వచ్చాయి. అందరివీ ఇచ్చారు, నాగవేణిది ఇవ్వలేదు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. నాలుగు రోజులు తిప్పి, అయిదో రోజు కామేశం గారు ఒక తెల్ల కాగితం ముందు పెట్టి, కింద సంతకం చెయ్యమ్మా, టికెట్టు అందినట్టు పైన నేను రాసుకుంటాను అన్నారు. పరీక్ష మర్నాడే. కాయితం ఇస్తే కాయితం తీసుకోవాలని తెలిసిన పిల్లే. అయినా ఆ కంగారులో సంతకం చేసేసింది. టికెట్టు గుండెలకి అదుముకుని పరిగెత్తింది. నేను డబ్బాలోంచి అరవగలిగితే ఎంత బాగుండేది! ఎవరైనా నొక్కితే తప్ప నాకు మాట రాదు.

ఆ పిల్ల ఊరుకోలేదు. తన దగ్గరున్న కాగితానికి జిరాక్సు తీసి యూనివర్సిటీకి రిజిస్టరు పోస్టులో పంపింది. నవంబరు మొదట్లో అక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. జులైలో ఇచ్చిన ఫిర్యాదు ఏమైంది, కమిటీ ఏం తేల్చింది, పది రోజుల్లో చెప్పండి అని. దాని నెత్తిన ముద్ర పడింది, నంబరూ పడింది. అలాంటి ఉత్తరాలు అట్ట కింద పట్టవు.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లారు. మంగతాయారు గారు ఒక్కరే తన బల్ల దగ్గర క్యారేజీ విప్పుకుంటున్నారు. కామేశం గారు వచ్చి నన్ను తీసుకున్నారు. నా పట్టీలు తిప్పసాగారు. వెనక్కి. నవంబరు పోయి అక్టోబరు, సెప్టెంబరు, ఆగస్టు. ఆగస్టు రెండు దగ్గర ఆపారు. నాకు ఒళ్లంతా కంపరమెత్తింది. ఆయన చేతిలో ఉన్నది నాగవేణి సంతకం ఉన్న ఆ తెల్ల కాగితమే. ఇప్పుడది తెల్లగా లేదు. 'నేను పొరపాటున ఇచ్చిన ఫిర్యాదును నా ఇష్టపూర్వకంగా వెనక్కి తీసుకుంటున్నాను' అని పైన టైపు చేసి ఉంది. నన్ను దాని మీద కొట్టారు. మంగతాయారు గారు చూశారు. కామేశం గారు ఆవిడ వైపు చూశారు.

"మీకింకా మూడేళ్ల సర్వీసుంది. గుర్తుంచుకోండి," అన్నారు.

ఆవిడ క్యారేజీ మూత పెట్టేశారు. నా తేదీ మళ్లీ ముందుకి తిప్పి డబ్బాలో పెట్టినప్పుడు ఆవిడ వేళ్లు చల్లగా ఉన్నాయి. ఆవిడ మీద నాకు కోపం వచ్చింది. జాలీ వేసింది.

కమిటీ ఆ వారంలోనే కూర్చుంది. యూనివర్సిటీకి పంపే కాగితం మీద బయటి సభ్యురాలి సంతకం కావాలి కనక బోర్డు మీద పేరు చూసి జుబేదా గారిని మొట్టమొదటిసారి పిలిచారు. ప్రిన్సిపాల్ గదిలో కాఫీ, బిస్కెట్లు, సంతకం చెయ్యాల్సిన చోట పెన్సిలుతో టిక్కు పెట్టిన ఫైలు సిద్ధం. ఆవిడ కాఫీ పక్కన పెట్టి ఫైలు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకున్నారు. ప్రాక్టికల్సు ఇంకో అయిదు రోజుల్లో ఉన్నాయి. పరీక్షకుడి స్థానంలో ఫణీంద్ర గారి పేరు నోటీసు బోర్డు మీద అంటించేశారు కూడా.

నాగవేణిని పిలిచారు. నేను వెనక్కి తీసుకోలేదండి, తెల్ల కాయితం మీద సంతకం పెట్టించుకున్నారండి అంది. కామేశం గారు తల పంకించి, పిల్లలకి అప్పుడప్పుడు మరుపు సహజం అన్నారు. సంతకం నీదేనా అని అడిగారు. నాదేనండి అంది. దాంతో గదిలో అందరికీ అంతా అయిపోయినట్టే అనిపించింది. బోటనీ మేడం కలం మూత తీశారు.

జుబేదా గారు మాత్రం రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నారు. జులైది, ఆగస్టుది. రోజూ కోర్టులో కాగితాలు తిరగేసే కళ్లవి. నన్ను తెప్పించమన్నారు. మంగతాయారు గారు నన్ను పట్టుకుని లోపలికి వచ్చి బల్ల మీద పెట్టి, గోడవారగా నిలబడ్డారు. జుబేదా గారు నన్ను తెల్ల కాగితం మీద ఒకసారి నొక్కారు. గీతలో ఖాళీ పడింది.

"ఆఫీసులో ముద్రలు ఎన్నున్నాయండీ?"

"ఒక్కటేనండి," అన్నారు కామేశం గారు.

"జులై పద్దెనిమిదిన గీత నిండుగా ఉంది. ఆగస్టు రెండున తెగి ఉంది. ఇదెప్పుడు దెబ్బతింది?"

కామేశం గారు గడుసు మనిషి. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "జులై నెలాఖర్లో బల్ల మీంచి పడిందండి. కదండీ, మంగతాయారు గారూ?"

అందరూ ఆవిడ వైపు తిరిగారు. నేను కూడా. అవునంటే ఆ పిల్ల పని అయిపోయినట్టే. అయిదో రోజున ఫణీంద్ర గారి ముందు నిలబడి గాజు గొట్టం పట్టుకోవాలి. కాదంటే మూడేళ్ల సర్వీసు ఏమవుతుందో తెలియదు. నాగవేణి ఆవిడనే చూస్తోంది, కన్ను ఆర్పడం లేదు. ఆవిడ గిరుక్కున తిరిగి బయటికి వెళ్లిపోయారు. కామేశం గారు కుర్చీలో వెనక్కి వాలారు. చూశారుగా, ఆరోగ్యం బాగుండదు ఆవిడకి అన్నారు. ఆ నిమిషం నాకు బతుకు మీద రోత పుట్టింది. చెక్కినవాణ్ణి కూడా తిట్టుకున్నాను.

తలుపు మళ్లీ తెరుచుకుంది. ఆవిడ రెండు చేతులా ఇన్‌వర్డ్ రిజిస్టరు మోసుకొచ్చారు. నా పక్కన బల్ల మీద పెట్టి, ఆగస్టు పేజీలు తెరిచారు.

"బోణీ ముద్రలు చూడండమ్మా," అన్నారు.

జుబేదా గారు చూశారు. ఆగస్టు ఒకటి, గీత నిండుగా ఉంది. ఆగస్టు రెండు, నిండుగా ఉంది. మూడు, నాలుగు, అలా నెలంతా నిండుగా ఉంది. సెప్టెంబరు నాలుగు, నిండుగా ఉంది. సెప్టెంబరు అయిదు, తెగింది. అక్కడి నుంచి చివరి దాకా అన్నీ తెగినవే.

నాలుగో తారీకున ఏమైందని జుబేదా గారు అడిగారు. మంగతాయారు గారు కామేశం గారి వైపు చూడకుండా చెప్పారు. "ఈ పిల్ల ఫిర్యాదుకి నంబరు వెయ్యబోయానమ్మా. ఆయన పుస్తకం లాక్కున్నారు. అప్పుడు పడింది. ఆగస్టు కాగితం మీద మొన్న మధ్యాహ్నం కొట్టారు. నా కళ్లముందే." ఆ తరవాత, "అప్పుడే చెప్పాల్సింది," అన్నారు.

కామేశం గారు తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయారు. తనను పట్టించింది తన మోచెయ్యేనని ఆయనకి అప్పుడే అర్థమై ఉంటుంది. జుబేదా గారు కాఫీ చల్లారిపోయిందని ఇంకోటి తెప్పించమన్నారు. కూర్చోవాల్సిన పని ఇప్పుడుందన్నారు.

ఆ సాయంత్రమే నోటీసు బోర్డు మీంచి ఫణీంద్ర గారి పేరు తీసేశారు. విచారణ అయ్యే దాకా ఆయన ల్యాబు గడప తొక్కకూడదని కమిటీ రాసింది. నాగవేణి ప్రాక్టికల్సు వేరే కాలేజీ మేడం వచ్చి చేయించింది. విచారణ రెండు నెలలు నడిచింది. ఆయన ఉద్యోగం పోయింది. కామేశం గారు చేసిన దొంగ కాగితం పోలీసుల దగ్గరికి చేరింది. అమ్మాయిలని నాలుగింటికి పంపే సర్క్యులరు మాత్రం ఇంకో నెల అలాగే ఉండి, ఎవరో అడిగితే పోయింది. మంగతాయారు గారికి ఒక మెమో వచ్చింది. జులైలోనే నంబరు ఎందుకు వెయ్యలేదో సంజాయిషీ చెప్పమని. నిజం చెప్పినందుకు దక్కిన మొదటి ప్రతిఫలం అదీ. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, అందినది అని ముద్ర కొట్టి, నంబరు వేశారు.

ఆ ముద్ర నేను కాదు. అప్పటికే నన్ను సాక్ష్యమని ఖాకీ కవరులో పెట్టి, లక్క అంటించి, ఏ బీరువా కాలి మీద పడ్డానో ఆ బీరువాలోనే పెట్టారు. నా తేదీ కమిటీ కూర్చున్న రోజు దగ్గరే ఆగిపోయింది. ఎవరూ ముందుకి తిప్పరు, వెనక్కీ తిప్పరు. కేసు తేలాక పారేస్తారో, ఇంకేం చేస్తారో తెలియదు. చీకటి అలవాటైపోయింది. చప్పుళ్లు మాత్రం వినబడతాయి.

మొన్న పొద్దున బోణీ చప్పుడు అయ్యాక ఎవరో ఆడమనిషి వచ్చింది. చంకలో పిల్లాడు ఏడుస్తున్నాడు. ఎక్కడో విన్న గొంతు.

"నా పేరు ప్రశాంతి అండి. నాలుగేళ్ల క్రితం ఒక ఉత్తరం ఇచ్చాను. మళ్లీ రాసుకొచ్చాను."

మంగతాయారు గారు కుర్చీ లాగిన చప్పుడైంది. తరవాత ఆవిడ గొంతు వినబడింది. కూర్చోమ్మా, పిల్లాణ్ణి ఇలా ఇవ్వు, కాపీ తెచ్చావా అని అడిగారు. తెచ్చానంది.

కొత్త ముద్ర చప్పుడు నాకింకా అలవాటు కాలేదు, కాస్త పలచగా ఉంటుంది. అయినా బీరువా తలుపు వెనక నుంచి స్పష్టంగా విన్నాను. ఒకటి ఆఫీసుకి. ఒకటి ప్రశాంతికి.